పరిశీలనలో ఉంది

సూర్యాబాగ్‌లో మా వారపత్రిక ఆఫీసు.
కింద బైండింగు షాపు, పైన మేము.
తలుపు తీస్తే మైదా జిగురు వాసన,
కిటికీ తీస్తే పోర్టు బొగ్గు.
తెల్లటి డ్రాయింగు షీటు మీద రాత్రికి రాత్రి
నలకలు వాలేవి, పిలవని చుట్టాల్లా.

ఒకసారి నా కార్టూన్లో ఇల్లాలి బుగ్గ మీద
ఓ నలక అలాగే బ్లాకెక్కి అచ్చయిపోయింది.
"ఆవిడకి పుట్టుమచ్చ ఎప్పుడొచ్చిందండీ?"
అనకాపల్లి నుంచి ఒకరు, సాలూరు నుంచి ఇద్దరు.
ఇంక తియ్యలేకపోయాను.
ఇరవై ఆరేళ్లు ప్రతి వారం పెట్టాను ఆ మచ్చ,
పోర్టుకి పైసా ఇవ్వకుండా.

ఆవిడ చేతిలో అప్పడాల కర్ర కూడా ఉండేది.
మా వరహాలు చూసి ఒకే మాటంది:
"మనం అప్పడాలు కొనుక్కుంటాం కదా."
మర్నాటి వారం నుంచి కర్ర లేదు.
దాని గురించి ఎవరూ ఉత్తరం రాయలేదు.

గీయడం సగం పని.
మిగతా సగం తిప్పి పంపడం.
మంగళవారం టపాలో బుక్‌పోస్టు కవర్లు,
అట్టముక్క పెట్టినవీ, పెట్టక నలిగినవీ,
సముద్రపు చెమ్మకి చుట్టుకుపోయినవీ.
ఎమ్మెల్యే పొట్ట, అల్లుడి అలక, నీళ్లు రాని కుళాయి.
నీళ్లు రాని కుళాయిలు వెయ్యి చూసుంటాను,
ఎండాకాలం అవి మాత్రం ధారగా వచ్చేవి.
బొమ్మ కుదిరితే మాట ఎక్కువయ్యేది,
మాట కుదిరితే చెయ్యి వంకర.
నీలం పెన్సిలుతో ఒక్కో మాటా కొట్టుకుంటూ పోతే
కొన్నిటికి అసలు మాటే అక్కర్లేదని తేలేది.
వాటిని ముందు పేజీలో వేసేవాణ్ణి.

ఎర్రినాయుడు. షిప్‌యార్డులో ఫిట్టరు.
సంతకం మాత్రం 'మర' అని.
అరవై ఒక్కటి పంపాడు. అరవై ఒక్కటీ
అతనంటించిన స్టాంపుతోనే అతనింటికి చేర్చాను.
గీత బరువు. మనుషులు రివెట్లు కొట్టినట్టుండేవాళ్లు.
నవ్వు ఉండేది, ఎక్కడో అడుగున,
ఓడకి నీళ్లు తగిలే చోట.

అరవై రెండోది:
రామకృష్ణా బీచ్. సముద్రం ఓ కవరు పట్టుకొచ్చి నిలబడింది.
ఒడ్డుకి నా కళ్లద్దాలు, నా బట్టతల.
ఒడ్డు ఆ కవరు తిరిగిచ్చేస్తోంది.
వెనక ఇంకో అల, ఇంకో కవరు,
డాల్ఫిన్ నోస్ దాకా క్యూ.
కింద మాటలేం లేవు.

నవ్వాను. కంపోజింగు వాళ్లు లేచొచ్చేంత నవ్వాను.
తర్వాత సొరుగులో పెట్టాను.
వచ్చే వారం వేద్దామనుకున్నాను.
వచ్చే వారం వినాయక చవితి సంచిక.
ఆపై వారం
కారణమేం లేదు.
బట్టతల గురించి కాదని వరహాలుతో వాదించాను,
తనేం అడక్కుండానే.

తిరిగి రాలేదు కాబట్టి అచ్చవుతుందనుకునుంటాడు.
ఎన్ని గురువారాలు పత్రిక కొన్నాడో.
అరవై మూడోది రాలేదు.

పత్రిక మూతపడ్డాక సొరుగు ఇంటికొచ్చింది.
హుద్‌హుద్ రాత్రి కిటికీలు ఊడిపోతుంటే
సన్మానపత్రాలు తడవనిచ్చి
సొరుగుని మంచం కిందకి తోశాను.
ఇవాళ తీశాను. కాగితం పసుపెక్కింది.
సముద్రం మీద ఒక బొగ్గు నలక.
బ్లేడుతో గీకబోయి ఆగాను.
పడవేమో, నాకేం తెలుసు?

కవరు మీద అతని చేతిరాత,
కంచరపాలెం, రైల్వే గేటు అవతల సందు.
స్టాంపు ఈ కాలానికి చాలదు.
పక్కన కొత్తది అంటించి కార్డు రాశాను:
"ఆలస్యానికి క్షమించండి.
మీ కార్టూన్ ఇంకా పరిశీలనలో ఉంది."

వరహాలు చదివింది. నీలం పెన్సిలు ఎక్కడంది.
'ఆలస్యానికి' అన్న మాట కొట్టేసి,
పాలు పొంగుతున్నాయని
వంటింట్లోకి వెళ్లిపోయింది.