నూటికి నాలుగు

మధ్యాన్నం పన్నెండున్నరకు
నా పంచర్ అంగడి ముందర
సప్పుడు లేకుండా వచ్చి నిలబడె కారు.
దేనికి మొరగాల్నో తెలీక
కుక్క లేసి, చూసి, మళ్లీ పండుకుంది.

దిగినాయప్ప బెంగుళూరాయప్ప.
అద్దం పలక మీద అంకె చూపిచ్చినాడు.
నాలుగు.
నూటికి నాలుగు.
నా పదోతరగతి లెక్కల మార్కులు.

ఆయప్ప ఫోన్లో మా తట్టు మూడు చుక్కలుండాయి.
ఒకటి హోటలు, మూతబడి ఏడాదాయ.
ఒకటి ఇంకా కట్టనే లేదు.
మూడోది బాగనే ఉండాది గాని
దాని కార్డు వేరే కంపెనీదంట.

ఎదురుగా ఉరవకొండ దారిలో గుట్టలు,
గుట్టల మీద గాలిమరలు.
పనిలేనప్పుడు లెక్కపెట్టినా, నలభై ఒకటి.
తీరుబడిగా తిరుగుతాండాయి
ఎవురికో మజ్జిగ చిలుకుతాండట్ల.
"అంత కరెంటుంది కదా ఇక్కడ?"
ఉండాది సామీ.
మా నెత్తి మీంద పోతాది.
దిగదు.
మాకు దిగేది లైన్‌మన్ సుంకన్న దించేదే.

నా అంగట్లో ఒకటే పెద్ద ప్లగ్గు.
కంప్రెసరు పెరికి కారుకు పెట్టినా.
వైరు కాలిన వాసన కొంచెం,
పక్కన హుసేనమ్మ ఫ్యాను ముసిల్ది నడిచినట్ల ఆయ.
ఆయమ్మ తిట్టింది, నన్ను కాదు, కారును.
"ఎనుము గూడా ఇంతసేపు తాగదు కదప్పా!"

నులకమంచం ఏసినా. ఉగ్గాని, బజ్జీ తిన్నాడు.
కారంతో కండ్లు తుడ్చుకుంటా చెప్పినాడు
ఇంక నాలుగేండ్లకు డ్రైవరే ఉండడంట,
బండికే చుట్టూతా కండ్లంట.

నేను రోడ్డు తట్టు చూసినా.

గీత లేదు. ఉన్న కాడ
రామాంజినమ్మ శెనక్కాయలు ఆరబోసి
సగం రోడ్డుకు రాళ్లు పెట్టింది. తొక్కితే కొడతాది.
ఇంగ రెండు ఫర్లాంగులు పోతే
వాళ్ల మరిది ఉలవకట్టె పరిచినాడు.
దాన్ని తొక్కకపోతే కొడతాడు.
రెండూ ఎండిన కట్టెలే, రెండూ రోడ్డు మీందే.
ఏ కంటికి ఎట్ల చెప్పేది?

గొర్రెలు గూడా అంతే.
హారన్ కొడితే నిలబడతాయి,
నిలబడితే కదుల్తాయి.
కాపరి ముందర ఉండడు, యెనకుంటాడు, బీడీ తాగతా.

ఇవన్నీ నేర్పచ్చేమో. చదువుకున్నోళ్లు, నేర్పుతారు.

కల్వర్టు దాటినాక మలుపొకటుండాది.
గుంత లేదు. బ్రేకరు లేదు. బోర్డు లేదు.
ఆడ అందరం బండి మెల్లగ చేస్తాం.
ఇసక ట్రాక్టరోళ్లు, గుంతకల్లు బస్సోళ్లు,
తాగి పొయ్యేటోళ్లు గూడా.
బడి ఇడిచే టైముకు
వన్నూరప్ప పెండ్లాము ఆడొచ్చి నిలబడతాది.
మూడేండ్లాయ. ఏమనదు. చెయ్యి ఎత్తదు.
వచ్చే బండినల్లా చూస్తాది, అంతే.
ఆయమ్మ ఇంటికి పోయినంక గూడా
ఆ మలుపు కాడ మా కాళ్లు వాటికవే బ్రేకు మీందికి పోతాయి.

మూడుంబావుకు కరెంటు పాయ.
సుంకన్న ఫోను స్విచ్చాఫ్.
మరలు మాత్రం తిరుగుతానే ఉండాయి.

ఐదుకొచ్చె. ఏడున్నరకు ఇరవై ఆరు.
గుంతకల్లు దాకా చాలన్నాడు. ఎంతియ్యాలన్నాడు.
గాలికి రేటుంది, పంచరుకుంది,
కరెంటు తాపినందుకు ఎంతో
నాకేం తెల్సు?
ఉగ్గానికిచ్చి పో సామీ అన్నా.

పోయినాక గుర్తొచ్చె,
మలుపు సంగతి చెప్పలేదని.
రోడ్డు మీందికొచ్చి నిలబడినా.
కల్వర్టు అవతల
యెనక లైట్లు రెండూ బాగ ఎర్రబడె,
శానాసేపు.

గొర్రెలేమో అనుకున్నా.
గొర్రెలు దొడ్డికి చేరి
అప్పటికే గంటాయ.