రెండో గేరు

కొర్లగుంటలో మా మిద్దె మింద
సోలారు గాజు గొట్టాలు
పొద్దుగూకేదాకా ఎండ తాగుతాయి.
మే నెల. సాయంత్రం కుళాయి తిప్పితే
దిగేది నీళ్లు కాదు, కాగిన కోపం.

ఆ పూట దాని కింద కాళ్లు పెట్టి
ఊరికే నిలబడినాను.
నొప్పి లేదు. చక్కెర జబ్బు
ఎప్పుడో నా పాదాల ఊసు ఎత్తుకుపోయింది.
తువ్వాలుతో తుడిస్తే
ఉడకేసిన గెనుసుగడ్డ మాదిరి
తోలు ఊడొచ్చింది.
అరిచింది నేను కాదు, కనకవల్లి.

ఇరవై ఎనిమిదేండ్లు కొండబస్సు తోలినాను.
బ్రేకు ఎంత, క్లచ్చి ఎంత
ఈ కాళ్లే చెప్పేవి.

ప్లంబరు దొరసామి
సంచిలోంచి ఇత్తడి వాల్వు తీసినాడు,
పిడికిలంత.
"ఉడుకు ఈ పక్క, సల్లవి ఆ పక్క.
లోపల కలిసి దిగుతాయన్నా.
మర యాడుంటే ఆడికే వేడి.
సల్లనీళ్లు నిలిచిపోతే ఉడుకునీ ఆపేస్తాది."
కొండ దిగేటప్పుడు రెండో గేరు, అన్నాను.
నవ్వినాడు. వాళ్ల మామదీ మా డిపోనే.

గోడ కొట్టి, టేపు చుట్టి, బిగించి
ధార కింద చెయ్యి పెట్టి
"బాగుందన్నా" అన్నాడు.
ఆ చెయ్యి చూసినాను.
రెంచి పట్టి పట్టి కాయలు కాసింది,
దానికి నిప్పు కూడా గోరువెచ్చనే.
కనకవల్లి చెయ్యి పెట్టి
"సల్లగుండాయే" అనింది.
పొయ్యి దించిన సంగటిని
దినామూ అరచేతుల్లో ముద్ద చేసే మనిషి,
ఆమె సాక్ష్యం చెల్లదు.
బాత్రూము గుమ్మంలో ముగ్గురం
ఒకరి చేతులు ఒకరం చూసుకుంటా నిలబడినాం.

ఏందో సప్పుడని కింద వాటా నుంచి
సబీహా కూతురు ఎక్కొచ్చింది. రెండో తరగతి.
దొరసామి మరను చివరంటా సల్ల పక్కకి తిప్పి
"నువ్వు చెప్పు పాపా" అన్నాడు.
వేళ్లు పెట్టలేదు.
"మా అమ్మ తమ్ముడికి ఇట్లే చూస్తాది" అని
గౌను చెయ్యి మడిచి
మోచెయ్యి పెట్టింది.
ఇంకొంచెం. ఇంకొంచెం.
ఇంకొంచె... సాలు!

పరిగెత్తి పోయి
గోళ్ల రంగు సీసా తెచ్చి
వాల్వు మింద ఆడికి ఎర్రగీత పెట్టింది,
కొంచెం వంకరగా.

కట్టు తడవకుండా
ఎడమకాలు ముక్కాలిపీట మింద పెట్టుకోని
ఈ పొద్దు నీళ్లు పోసుకున్నాను.
పాదానికి ఏమీ తెలియలేదు.
వీపుకి తెలిసింది.
అయినా పోసుకునే ముందు
గీతని రెండుసార్లు చూసినాను,
మలుపు ముందర బోర్డు చూసినట్టు.