ఒక చెంచా

అయనావరం మందుల షాపులో
ఎప్సమ్ సాల్ట్ ఉందా అని అడిగితే
కౌంటరు వెనక పెద్దాయన కళ్ళజోడు దించి
"ఓ, పేది ఉప్పా!" అని నవ్వాడు.
మా నాయనమ్మా భేది ఉప్పనే అనేది.
ఏడాదికోసారి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి
ముక్కులు మూసి గొంతుల్లో పోసేది.
ఇది తాగడానికి కాదండీ, నానడానికి, అన్నాను.
ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నా ఒంటి సంగతి ఆయనకేం తెలుసు.
సబ్బు మారిస్తే మూడు రోజులు దద్దుర్లు.
సగం మాత్ర వేసుకున్నా
నిండు మాత్రంత గొడవ.
ఎవరైనా ప్రేమగా భుజం తట్టినా
సాయంత్రం దాకా ఆ చెయ్యి అక్కడే ఉంటుంది.
విల్లివాక్కం స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక
పంతొమ్మిదేళ్లుగా కూర్చున్న నడుము ఇది.
గుప్పెడు చిల్లర పోస్తే
లెక్కపెట్టకుండా ఏనాడూ తీసుకోలేదు.

ఆ ఒక్కరోజే లెక్క తప్పాను.
పాకెట్టు మీద రెండు కప్పులని రాసుంది.
అది తొట్టిలో కాళ్లు చాపి పడుకునేవాళ్ల కొలత.
నాకున్నది బట్టలు నానేసే నీలం టబ్బు,
మోకాళ్లు గడ్డానికి ఆనిస్తే తప్ప పట్టను.
రెండు కప్పులూ పోసేశాను.
గీజరు నీళ్లు పొగలు కక్కుతుంటే
మంట ఎంతుంటే మందు అంత అనుకున్నాను.
అరగంట.
హాయిగానే ఉంది. అక్కడే మోసపోయాను.
లేచి నిలబడ్డానో లేదో
గోడ మీది టైల్స్ అన్నీ బండి దిగిన జనంలా
ఒక్కసారిగా నా మీదకి తోసుకొచ్చాయి.

గడియ వేసుకోకపోవడం ఒక్కటే
ఆ రోజు నేను చేసిన మంచి పని.
కళ్లు తెరిచేసరికి పక్కింటి సహాయమేరి
తమిళంలో తిడుతోంది,
తిట్ల మధ్యలో ఏసుని పిలుస్తోంది.

డాక్టర్ పరిమళ తిట్టలేదు.
కిడ్నీలు ఎలా ఉన్నాయో రక్తం తీయించి చూసింది.
బీపీ మాత్ర పేరు రెండుసార్లు అడిగింది.
మడమల పగుళ్లు చూసి "ముందు ఇవి మానాలి" అంది.
ఆ తరవాతే చీటీ రాసింది:
గోరువెచ్చని నీళ్లు, పాదాలు మాత్రమే,
ఒక చెంచా, ఎనిమిది నిమిషాలు.
"చెంచానా?" అన్నాను.
"మీ ఒంటికి చెవులెక్కువ.
దాంతో గట్టిగా మాట్లాడకండి" అంది.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు,
నీళ్ల లారీ వచ్చి వెళ్లాక
టబ్బులో మోచెయ్యి ముంచి చూస్తాను,
చంటిపిల్ల స్నానానికి చూసినట్టు.
కాఫీ చెంచాతో, తల కొట్టి, ఒక్కటి.
అడుగున గరగర ఆగేదాకా కలిపి
అప్పుడు పాదాలు పెడతాను.
పక్కన చెంబుడు తాగేనీళ్లు.
తలుపు దగ్గరగా వేసి ఉంటుంది.
అవతల సహాయమేరి చిన్నుల్లిపాయలు ఒలుస్తూ
రెండు నిమిషాలకోసారి
"ఇరుక్కియా?" అంటుంది.
"ఉన్నా" అంటాను.

మూడు వారాలు ఆ చెంచా దగ్గరే ఆగాం.
నాలుగో వారం ఒకటిన్నర.
దురద రాలేదు, నిద్ర వచ్చింది.
అది ఉప్పు గొప్పో
ఎనిమిది నిమిషాలు నన్నెవరూ టికెట్ అడగకపోవడమో
డాక్టరమ్మ కూడా తేల్చి చెప్పలేదు.
అయిదో వారం రెండు చెంచాలకి
చీలమండల చుట్టూ ఎర్రటి చుక్కలు లేచాయి.
సరే, వెనక్కి.
పొరపాటున ఎక్కువొచ్చిన చిల్లర
పిలిచి తిరిగిచ్చినట్టు.

అయ్యాక పాదాలు మంచినీళ్లతో కడిగి, తుడిచి,
కాసేపు పీట మీదే కూర్చుని
గోడ పట్టుకుని లేస్తాను.
టబ్బులో నీళ్లతో సహాయమేరి మెట్లు కడుగుతుంది.
నీ నొప్పులన్నీ నా మెట్ల మీదే, అని గొణుగుతుంది.
నెల రోజులుగా మూడో మెట్టు దగ్గర
ఆమె మోకాలు ఆగుతోందని
ఆమె చెప్పలేదు, నేను చూశాను.

వచ్చే ఆదివారం టబ్బు ఆమెది.
శనివారమే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాలి,
షుగర్ ఉంది మనిషికి.
సరేనంటే, ఒక్క చెంచా.
ఉల్లిపాయలు నేను ఒలుస్తాను.