వైర్లు చుట్టేవాడి మాట

ముందే చెప్తున్నా, ఆయన గొంతు మంచిదేం కాదు.
పైకి పోతే చీలేది,
చెరుకుగడ విరిస్తే పీచు లేస్తుందే, అట్లా.
ఆ పీచు కోసమే జనం వచ్చేవాళ్ళు.

రిగోబెర్తో లమోత్.
గ్వాంతానమో పక్కన చక్కెర మిల్లులో
బాయిలర్ కాసేవాడి మూడో కొడుకు.
మిల్లు కూత ఏ స్వరంలో ఉండేదో
ఏ పాటైనా అక్కణ్ణుంచే ఎత్తుకునేవాడు.
పియానో దగ్గర యుసిమీ తల పట్టుకునేది:
"అది ఏ శ్రుతీ కాదు మహాప్రభో,
రెండు మెట్ల మధ్య సందులో ఉంది!"
"అయితే సందులోనే వాయించు" అనేవాడు.

నేను పాడలేదు, వాయించలేదు.
ఇరవై రెండేళ్ళు ఆయన వెనక వైర్లు చుట్టాను.
మోచేతికీ బొటనవేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టాలి,
లేకపోతే లోపల రాగి విరుగుతుంది.
నాకొచ్చిన సంగీతం అంతే.

తొంభై మూడు. హవానాలో కరెంటు
చుట్టంలా వచ్చి చెప్పకుండా పోయేది.
సైకిళ్ళకి కాంగాలు కట్టుకుని మంతీయా మిట్ట ఎక్కేవాళ్ళం,
కడుపులో చక్కెర నీళ్ళు.
పద్నాలుగు మందిమి, తొమ్మిది జతల బూట్లు.
ముందు వరసకి బూట్లు, వెనక వరసకి చీకటి.
అంత ఆకలిలో అంత వేగం ఎక్కడిదని
ఇప్పటి కుర్రాళ్ళు అడుగుతారు.
ఆగితే పడిపోతాం నాయనా, అందుకే.

తర్వాత డాలర్లొచ్చాయి, వెండి జరీ చొక్కా వచ్చింది,
పోస్టర్ మీద ఒక్కో పన్ను అరచేయంత.
ఒక పాటలో ఎవరో పెద్దాయన వంటింటి గురించి ముక్క జారింది.
ఆర్నెల్లు రేడియో ఆయన పేరు మర్చిపోయింది.
ఆ ఆర్నెల్లూ పెళ్ళిళ్ళలో పాడాడు,
ఒకసారి పళ్ళ డాక్టర్ల సభలో కూడా.
పళ్ళ డాక్టర్లు భలే ఆడారు.

మిలాన్. తొమ్మిదో రాత్రి.
బాస్ వాయించే ఎవెలియో సిగరెట్లకని బయటికెళ్ళాడు.
గిటారు స్టాండు మీదే ఉంది. ముట్టుకుని చూశాను,
తీగలింకా వెచ్చగా ఉన్నాయి.
మర్నాడు ట్రంపెట్లు రెండూ పోయాయి.
విమానంలో ఆయన ఎవర్నీ తిట్టలేదు.
కస్టమ్స్ అమ్మాయి అడిగింది, ఈ గిటారు ఎవరిదని.
"సిగరెట్లకి వెళ్ళాడు, వస్తాడు."

ఆ శనివారం బీరు తోటలో కచేరీ.
టింబాలో ఒక చోటుంటుంది,
బాస్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, కాళ్ళ కింద నేల లాగేసినట్టు.
నాలుగు ఆవర్తాలో, ఎనిమిదో. మళ్ళీ వచ్చి పడుతుంది.
ఆ రాత్రి పడలేదు. పడేసేవాడు లేడు.
ఆయన రెండు కర్రలు తీసుకున్నాడు.
మూడు దెబ్బలు. రెండు దెబ్బలు.
జనం చూస్తున్నారు. మూడు. రెండు.
ఇక రాదని ముందుగా తెలిసింది
పచ్చ గౌనులో ఉన్న ఒక లావుపాటావిడ నడుముకి.
బాస్ పడాల్సిన చోట
మడమతో నేలని కొట్టింది.
ఆ వెనక రెండువేల మడమలు.
నా చేతిలో వైరు వణికింది,
దాన్ని ఎక్కడా తగిలించనే లేదు.

మిల్లు మూసేశారని కబురొచ్చిన రోజూ ఆయన కచేరీ ఆపలేదు.
ఎత్తుకునే ముందు మాత్రం
ఒక్క క్షణం చెవి ఒగ్గాడు.

ఇప్పటికీ ఆ గిటారు మాతో వస్తుంది.
స్టాండు మీద పెడతాను, తుడుస్తాను.
పోయిన నెల ఒక పదిహేడేళ్ళ పిల్ల వచ్చింది,
బాస్ వాయిస్తుందట.
ఆయన ఎగాదిగా చూశాడు.
"సిగరెట్లు తాగుతావా?"
"లేదు."
"అయితే ఎత్తుకో."