సంపు మూత

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది.
కోరిటెపాడు, మూడో అడ్డరోడ్డు,
నా ఇంటిపేరు కూడా తప్పు లేకుండా.
"తమరి ఆవరణలోని మూతలేని సంపులో పడి
నా క్లయింటు నాంచారయ్యకు ఎడమ తుంటి విరిగినందున"
రెండు లక్షల నలభై వేలు.
వృత్తి: ఇళ్లకు సున్నాలు.
ఏ పని మీద వచ్చాడో మాత్రం లేదు.
"రాత్రి రెండున్నరకు ప్రవేశించిన మీదట"
అని ఊరుకున్నాడు లాయరు మస్తాన్‌రావు.

వీధంతా నవ్వింది.
ఇస్త్రీ బండి కోటయ్య బొగ్గులు విసురుతూ
"ఈసారి లైటేసి పెట్టండి, పాపం దారి కనపడదు" అన్నాడు.
నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు కదా,
కుట్టించుకున్నవాడు కిక్కురుమనకూడదు, అదీ మర్యాద.
వీడు అరిచాడు.
స్టాంపు కాగితం మీద అరిచాడు.

మూత తుప్పుపట్టి విరిగింది ఉగాదికి ముందే.
వెల్డింగ్ షాపుకెళ్లమని
హైమ పద్దెనిమిది వందలు చేతిలో పెట్టింది.
ఆ డబ్బు ఎటు పోయిందో ఇక్కడ అనవసరం.
సంపు నోటి మీద నానిన ప్లైవుడ్ ముక్క,
దాని మీద వార్డు నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ,
నాలుగు మూలలా నాలుగు ఇటుకలు.
ఎండకీ వానకీ ఆకాశంకేసి
దండం పెట్టుకుంటూ నవ్వేవాడాయన.
పిల్లి కూడా ఆయన్ని తొక్కేది కాదు.

ఆ పక్కనుంచి ఎవరెవరు నడిచారు?
పాల ప్యాకెట్ల కుర్రాడు. కరెంటు మీటరు చూసే అమ్మాయి.
పక్కింటి ఆఫ్రీన్, ఆరేళ్లది,
బంతి కోసం గేటెక్కి దూకేది.
దాన్నీ ఎవరూ పిలవలేదు లెండి,
లెక్క ప్రకారం అదీ చొరబాటే.
ఒక్కొక్కరు ఒక్కో అడుగు పక్కగా వేశారు.
నాంచారయ్య తిన్నగా వేశాడు.

రెండు రోజులుగా కుళాయి రాలేదు.
నీళ్లుంటే మునిగేవాడు,
లేవు గనక విరిగాడు.

"చప్పుడు విన్న వెంటనే వెళ్లారా?"
అనడిగాడు మస్తాన్‌రావు.
"వెంటనే" అన్నాను.
వెంటనే అంటే ఎంత?
మొదట దబ్బుమంది.
తర్వాత "అమ్మా" అంది సంపు.
మనిషి కాదు, సంపే అన్నట్టు, డొల్లగా.
టార్చి నా చేతిలోనే ఉంది.
మంచం మీద కూచుని తిరిగే ఫ్యాను చూశాను.
మళ్లీ "అమ్మా".
హైమ లేచి నా మొహంలోకి చూసింది.
దూరంగా ఏదో గూడ్సు బండి
పెట్టె పెట్టె వినపడుతూ
మొత్తం వెళ్లిపోయింది.
అప్పుడు లేచాను.

దొంగకు హక్కులుంటే ఇంటికి తలుపెందుకు,
అంటుంది వీధి.
నిజమే. తలుపు నాది, తాళం నాది,
లోపలి బీరువా, అందులో ఉన్న కాస్తా నాదే.
గొయ్యి ఎవరిది?

వాయిదా రోజున జిల్లా కోర్టు మెట్ల దగ్గర
చంకకర్రలు గోడకానించి
ప్లాస్టిక్ కప్పులో టీ ఊదుకుంటున్నాడు.
నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.
"మూత వేయించారా సార్?"
"వేయించాను."
"ఎంతయింది?"
"రెండు వేల రెండొందలు. ఇనుము పెరిగింది."
"పెరిగింది సార్," అన్నాడు,
పక్కన నాక్కాస్త చోటిస్తూ.