మళ్ళీ చెప్పు

ముప్పయ్యేళ్ళు తుప్పు కొట్టాడు అప్పలసూరి.
ఓడ కడుపులోకి దిగి, ఇనుము మీద ఇనుము.
కుడి చెవి పూర్తిగా పోయింది,
ఎడమది సగం జీతం మీద పనిచేస్తోంది
అని తనే నవ్వేవాడు.

నేను మైకు మనిషిని.
మల్కాపురం సెంటర్లో నా గొంతు లేస్తే
సింధియా వెళ్ళే బస్సులు కూడా నెమ్మదించేవి.
యూనియన్ ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిపోయాను,
నూట పద్నాలుగు ఓట్లు.
చెవిటివాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు, అనుభవిస్తారు!
ఆ రాత్రి టీకొట్టు దగ్గర అన్నమాట
ఇప్పటికీ నాలుక మీద ఇసకలా ఉంది.

మినిట్స్ రాసే పని నాకిచ్చింది ఆయనే.

ఒక సాయంత్రం క్యాంటీన్ ఎర్నమ్మ వచ్చింది.
నోరు తెరిచిందో లేదో
"జీతం సంగతేగా, రాసుకున్నాలే" అన్నాను.
ఆయన ఫ్యాను ఆపించాడు.
కుర్చీ ఆమె ఎదురుగా లాక్కుని
పెదాల వైపే చూస్తూ
"మల్లీ సెప్పమ్మా" అన్నాడు.

జీతమే అంది.
"ఇనబళ్ళేదు, మల్లీ సెప్పు."
షిఫ్టు అంది. రెండో షిఫ్టు మార్చమంది.
ఆయన ఇంకాస్త ముందుకి వంగాడు.
ఛానల్లో ఏదో ఓడ కూత పెట్టింది, ఆమె ఆగింది.
ఆయనకా కూత వినబడదు,
ఆమె ఆగిందని ఆగాడు.

మూడోసారి, కొంగు వేలికి చుట్టుకుంటూ,
చీకటి అంది.
"గేటుకాణ్నించి బస్టాపు దాకా ఆ గోడ పక్కన
దీపాల్నేవు బావూ,
ఎవుడో ఎనకాలే వస్తన్నాడు
వారం బట్టీ."

నా పుస్తకంలో అప్పటికే
'జీతాలు' అని రాసి
కింద గీత కూడా కొట్టేశాను.

దీపాలు పడడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.
ఆ పద్దెనిమిది రాత్రులూ
ఎవరో ఒకరం ఆమెతో నడిచాం.
నా వంతు వచ్చిన రాత్రి ఆమె ఏమీ మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు.
అది నాకు కొత్త.

అప్పలసూరి పోయి ఆరేళ్ళు.
నా చెవులు ఇంకా భేషుగ్గా ఉన్నాయి,
డాల్ఫిన్స్ నోస్ అవతల మబ్బు గొణిగినా పట్టేస్తాయి.
నిన్న వంటింట్లోంచి మా ఆవిడ ఏదో అంది.
వినబడింది, కందిపప్పు నిండుకుందని.
అయినా లేచి, గుమ్మం దాకా వెళ్ళి
"మళ్ళీ చెప్పు" అన్నాను.

పొయ్యి మంట తగ్గించి
ఇటు తిరిగింది.