వగరు

దిగ్దగా దాటినంక, కొండల నీడ అందని మైదానంల
మొదటిరోజు నాకు చెప్పిన పని: పీకుడు.
చెట్టును చూడంగనే గుర్తుపట్టిన.
సర్కారు తుమ్మ.
మా ఊరి ఒర్రెను మింగింది ఇదే,
మా నాయిన బొగ్గు బట్టీ పెట్టింది దీంతోనే,
అరికాలుల విరిగిన దీని ముల్లు
ఇరవై ఏండ్లయినా ముసురు పట్టిందంటే సలుపుతది.
"నువ్వు గూడ ఒచ్చినవా?" అన్న.

జేసీబీ మీదికెళ్లి జర్వలీ ఖాన్ అరిసిండు:
"దీనికి వీసా లేదు భాయ్, పంపించెయ్!"
అందరు నవ్విన్రు.
నేను నవ్వినట్టు మొఖం పెట్టి
జేబుల అకామా తడుముకున్న.

పైన కొడితే చచ్చే చెట్టు గాదది.
జానెడు లోతుల ఒక ముడి ఉంటది,
ముడి తెగకపోతే
కోసినకాడ ఏడు కొమ్మలు లేస్తయి,
అప్పుల లెక్క.

రెండు నెలలకు నేల బోడిగుండయింది.
ఇగ మొక్కలు తెస్తరనుకొని
పారకు కొత్త కట్టె ఏసుకున్న.
ముసబ్బహ్ ముసలాయన, ఆ జాగకు కావలి,
గడ్డంల ఇసుక, నోట్ల నాలుగు ఉర్దూ ముక్కలు,
చెయ్యి అడ్డం ఊపిండు.
నీళ్లు? వద్దు.
ఎరువు? వద్దు.
మరి నాకు జీతమెందుకు?
"మేకలు రాకుండ చూడు. ఒంటెలు రాకుండ చూడు.
నీ చేతులు రాకుండ చూడు."

మడిల పుట్టిన చేతులివి,
ఊకుండుడు ఎన్నడు నేర్వలె.
ఆ ఎండకాలమంత కంచెంబడి తిరిగి తిరిగి
చెప్పులరిగినయి గని గడ్డిపోచ రాలె.
ఫోన్ల గంగజల అడిగేది, ఏం పని చేస్తున్నవని.
ఏం చేస్తలేనని ఎట్ల చెప్తం పెండ్లానికి?

డిసెంబర్ల ఒక్క రాత్రి వాన.
నాలుగొద్దులకు
ఇసుక మీద పచ్చటి బూజు లెక్క ఏదో.
వంగి చూస్తే ఆకులు.
ఎన్నేండ్లు పండుకున్నయో ఆ గింజలు,
ఎవ్వరు పిలవకముందే లేసినయి.
వాటెనుక పురుగులు, పురుగులెనుక పిట్టలు,
ఒకనాడు ఇసుకరంగు నక్క.
నన్ను చూసింది. పోలె.
ముండ్లతోక ఉడుమొకటి, దబ్ అంటరట,
నేను కూసునే రాయి కిందనే బొరియ తవ్వుకుంది.
రాయి దానికిడిసి అవతలికి జరిగిన.

ఫిబ్రవరిల జింకల డబ్బాలొచ్చినయి.
ఐదు తలుపులు తీసిన్రు.
నాలుగు జింకలు దుమ్ము లేపుకుంట పోయినయి.
ఐదోది
తెరిచిన తలుపు ముందల, లోపలి నీడల
పొద్దుగూకేదాక నిలబడే ఉంది.
సార్లు ఫోటోలు దిగి వెళ్లిపోయిన్రు.
నేను దూరం కూసున్న, అదిలియ్యలె.
ఈ దేశంల దిగిన రాత్రి
క్యాంపు బస్సు మెట్టు మీద నేను గూడ అట్లనే.
ఎప్పుడు పోయిందో తెల్వదు.
తెల్లారి సన్నటి డెక్కల గుర్తులు
జమ్మి దిక్కు పోయినయి.

జమ్మి అని ఇప్పుడంటున్న గని
అప్పటికి నాకు తెల్వదు.
వీళ్లు గాఫ్ అంటరు. ఎండకు ఒంగి,
కొమ్మలు నేలకు రాసుకుంట ఉంటది,
మా ఊరి జమ్మి లెక్క నిటారుగ నిలబడదు.
దసరా నాడు దాని మీద పాలపిట్ట వాలింది.
పిట్టను చూసి దండం పెట్టి,
అప్పుడు చెట్టును చూసిన.
ఆ ముల్లు. ఆ సన్నాకు.
ఏడాదిన్నర దీని కిందనే సద్ది తిన్న.

తెంపితే ముసబ్బహ్ ఊకోడు.
రాలిన రెమ్మ ఏరుకొని ఆయన చేతుల పెట్టిన,
బంగారం, అన్న.
సైగలతోని చెప్పిన, గుండెకు హత్తుకోవాలె.
హత్తుకున్నడు.
తర్వాత నోట్లేసుకొని నమిలిండు.
"కరువుల మా అమ్మ అన్నంల కలిపేది."

బంగారం కోసం సముద్రం దాటినోన్ని,
నేను గూడ ఒక ఆకు నమిలిన.
వగరు.

కంచె కాడ
పీకిన తుమ్మ మోడుకు మళ్ల చిగురు.
పార పట్టుకొని లేసిన.
ముడి దాక తవ్వాలె, జానెడు లోతు.
తవ్వినంతసేపు
అరికాలు సలుపుతనే ఉంది.